పాత అమెరికన్ కామిక్ నిజంగా అరుదైనదేనా? ఎలా తేల్చాలి?

వెన్నుగీత:
1960ల నుంచి 1980ల దాకా వచ్చిన అమెరికన్ కామిక్స్ అమ్మేవాళ్లలో దాదాపు అందరూ "చాలా అరుదు" అనే రాస్తున్నారు. కామిక్స్ స్థితిని పరీక్షించి గ్రేడ్ వేసే సంస్థ సీజీసీ. అది గ్రేడ్ వేసిన కాపీల పట్టిక, అంటే సెన్సస్, తెరిస్తే కొన్ని సంచికలకు పది, పదిహేను కాపీలే కనిపిస్తున్నాయి. అయినా వాటికి పెద్ద ధరేమీ లేదు. ఇన్‌క్రెడిబుల్ హల్క్ 181 వేలల్లో ఉన్నా ధర అందనంత పైన ఉంది. మరి అరుదు అన్నది దేన్ని బట్టి లెక్కగట్టాలి? ఇంకొకటి: స్టార్ వార్స్ మొదటి సంచిక, 35 సెంట్ల కాపీ ఒకటి అమ్మకానికి వచ్చింది. అసలుదో కాదో ఫొటోల్లో ఏం చూసి చెప్పాలి?

పాతపుట:
ముందు అరుదునీ గిరాకీనీ విడదీయండి. హల్క్ 181 (నవంబర్ 1974) ధర అందులో ఉన్న వుల్వరిన్ అనే పేరుమోసిన సూపర్‌హీరో వల్ల వచ్చింది, కాపీలు తక్కువై కాదు. ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం వాడే కొలత ప్రకారం 20 నుంచి 100 కాపీలే మిగిలి ఉంటే 'స్కేర్స్', 10 నుంచి 20 అయితే 'రేర్', పదిలోపు అయితే 'వెరీ రేర్'. ఈ కొలతతో చూస్తే 1960 తర్వాతి సూపర్‌హీరో సంచికల్లో ఆ మాటలకు తగినవి దాదాపు లేవు.

ఎన్ని అచ్చయ్యాయన్నది సగం సంగతే. ఎన్ని మిగిలాయన్నదే అసలు ప్రశ్న. యాక్షన్ కామిక్స్ 1 (జూన్ 1938) సుమారు 2 లక్షలు అచ్చయింది, ఇప్పుడు ఉన్నవి వంద దాకా అని అంచనా. టీనేజ్ మ్యూటెంట్ నింజా టర్టిల్స్ 1 (1984) మొదటి ముద్రణ సుమారు 3 వేలే, కానీ అవి కామిక్ షాపుల ద్వారా దాచుకునేవాళ్ల చేతికే వెళ్లాయి. అందుకే 2 లక్షలు అచ్చయినదాని కంటే 3 వేలు అచ్చయినదే ఇవాళ ఎక్కువ దొరుకుతుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పాత కాగితం సేకరణకు కట్టలకు కట్టలు పోయాయి. 1940ల చివర్లో కొన్ని ఊళ్లలో కుప్పలు పోసి తగలబెట్టారు. 1960ల మధ్య నుంచి మాత్రం దాచిపెట్టడం మొదలైంది. 1991 నాటి ఎక్స్‌మెన్ 1 అయితే 80 లక్షలకు పైనే అచ్చయింది. దాన్ని అరుదు అంటే నమ్మకండి.

1960 తర్వాతి వాటికి ముద్రణ లెక్క చాలాసార్లు కామిక్ లోపలే దొరుకుతుంది. పోస్టులో తక్కువ రేటుకు పంపాలంటే ప్రచురణకర్త ఏడాదికోసారి యాజమాన్య ప్రకటన అచ్చువేయాలి. ఉత్తరాల పేజీ అడుగునో ప్రకటనల మధ్యనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొత్తం అచ్చయినవి, అమ్ముడైనవి, అమ్ముడుపోక తిరిగొచ్చినవి విడివిడిగా ఇస్తారు. అయితే అది ఏడాది సగటు. మొదటి సంచికకీ పన్నెండో సంచికకీ తేడా అందులో తెలియదు. తిరిగొచ్చినవన్నీ నాశనమయ్యాయని కూడా అనుకోవద్దు. తొలిరోజుల్లో కవర్ పైభాగం చింపి పంపితేనే డబ్బు వాపసు ఇచ్చేవారు. తర్వాత ధ్వంసం చేశామని రాసిస్తే సరిపోయేది. అలా రాసిచ్చిన కాపీలు కొన్ని దొడ్డిదారిన డీలర్లకు చేరాయి. 1970ల మొదట్లోని కొన్ని మొదటి సంచికలు శుభ్రంగా, కట్టలుగా దొరకడానికి అదో కారణం.

తొమ్మిదిపాయింటెనిమిది:
సెన్సస్‌లో ఉన్న అంకె గ్రేడింగ్‌కు పంపినవాటి లెక్క మాత్రమే. గ్రేడింగ్ రుసుము కూడా రాని సంచికను ఎవరూ పంపరు. మీరు చూసిన పదీ పదిహేనూ చాలావరకు ఇవే. ఖరీదైనవాటికి ఇది తిరగబడుతుంది. పైగ్రేడ్ ఆశతో స్లాబ్ (గ్రేడ్ వేశాక కాపీని మూసి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె) పగలగొట్టి మళ్లీ పంపుతారు. పాత లేబుల్ సంస్థకు తిరిగి చేరకపోతే ఒకే కాపీ రెండుసార్లు లెక్కకొస్తుంది.

అందుకని మొత్తం కంటే గ్రేడ్‌ల వారీగా ఎన్ని ఉన్నాయో చూడండి. పదికి 9.4, అంతకంటే పైన ఎన్ని? నల్ల కవర్ మీద చిన్న మడత కూడా తెల్లగా తేలుతుంది. జిగురుతో అంటించిన చదునైన వెన్ను ఉండే లావు సంచికలు చదివేకొద్దీ చీలతాయి. 1950ల చివరి, 1960ల తొలి మార్వెల్ కవర్లకు కుడి అంచు పెళుసుగా ఊడి ఉంటుంది, కాగితం కోసిన తీరు అది. ఇలాంటివి మామూలుగా దొరికినా పైగ్రేడ్‌లో నిజంగానే కరువు.

ఇంకో పని చేయండి. కావలసిన సంచిక వేలాల్లో రెండేళ్లపాటు ఎన్నిసార్లు వచ్చిందో రాసిపెట్టుకోండి. పిన్నులు ఎక్కడ పడ్డాయి, కవర్ ఎటు జరిగి మడిచారు, తేదీ ముద్ర ఉందా అని ఫొటోలు పోల్చితే ఒకే కాపీ మూడు చేతులు మారిందో, మూడు వేర్వేరు కాపీలో తెలిసిపోతుంది. నా దృష్టిలో సెన్సస్ కంటే ఈ పట్టికే నమ్మదగింది.

ముప్పైఅయిదుసెంట్లు:
మార్వెల్ ధర పెంచేముందు కొన్ని ప్రాంతాల్లోనే ఎక్కువ ధరతో అమ్మి చూసింది. కవర్ తేదీల్లో ఏప్రిల్–ఆగస్టు 1976 మధ్య 25 బదులు 30 సెంట్లు, జూన్–అక్టోబర్ 1977 మధ్య 30 బదులు 35. స్టార్ వార్స్ 1 నుంచి 4 దాకా ఈ రెండో విడతలోవి.

మీరు చూడాల్సింది ధర పెట్టె ఆకారం, బార్‌కోడ్. అసలుదానికి 35 సెంట్లు చతురస్రపు పెట్టెలో ఉంటుంది, కింద బార్‌కోడ్ గీతలు ఉంటాయి. ధర వజ్రాకారంలో ఉన్నా, బార్‌కోడ్ పెట్టె ఖాళీగా ఉన్నా అది పునర్ముద్రణే. లోపల ప్రచురణ వివరాలుండే చిన్నక్షరాల్లో 'రీప్రింట్' అని ఉందేమో ఆ పేజీ ఫొటో అడగండి. ధర దగ్గర భూతద్దంతో తీసిన ఫొటో కూడా కావాలి. అచ్చు రంగు చుక్కలుగా కనిపిస్తుంది. 30ని 35గా దిద్దితే అక్కడ చుక్కలు ఉండవు, సిరా నిండుగా పరుచుకుని ఉంటుంది.

బ్రిటిష్ పెన్నీ ధరలున్న మార్వెల్ కాపీలను కొందరు పునర్ముద్రణ అనుకుంటారు. కాదు, అవి అమెరికాలోనే అదే యంత్రం మీద, అదే విడతలో వచ్చినవి. 1980ల్లో అమెరికా కాపీ 60 సెంట్లు ఉన్నచోట 75 ఉంటే అది కెనడా ధర కాపీ.

వెన్నుగీత:
ఫొటోలో చతురస్రం, బార్‌కోడ్ రెండూ ఉన్నాయి. చిన్నక్షరాల పేజీ ఫొటో అడిగాను. స్లాబ్ లేని కాపీ కాబట్టి ఇంకేం చూడాలి?

పాతపుట:
పేజీలు లెక్కపెట్టించండి. ఆ కాలపు మామూలు సంచికకు లోపల 32, కవర్ 4. మధ్య షీటు పిన్నులకు పట్టి ఉందా అడగండి. అంచులు కత్తిరించారేమో తెలియాలంటే అదే నెల మరో మార్వెల్ సంచిక మీద పెట్టి వెడల్పు కొలవాలి. రంగు పూశారేమో కవర్ లోపలివైపు చూస్తే తెలుస్తుంది, సిరా ఇవతలికి దిగి ఉంటుంది. పిన్ను మెరుస్తూ, చుట్టూ కాగితానికి తుప్పు మరక ఉంటే పిన్ను మార్చారన్నమాట.

హల్క్ 181 కొంటే మాత్రం ఉత్తరాల పేజీలో మార్వెల్ వాల్యూ స్టాంప్ (పేజీలో అచ్చువేసిన చిన్న బొమ్మ) ఉందో లేదో అన్నిటికంటే ముందు చూడండి. అప్పటి పిల్లలు కత్తిరించి అతికించుకునేవాళ్లు. అది లేకపోతే కవర్ ఎంత మెరిసినా ఆ కాపీ అసంపూర్ణమే, ధర బాగా పడిపోతుంది.