బ్రూక్నర్ నా చెవికి ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న:
మా అక్క, నేను కచేరీలకు కలిసే వెళ్తాం. ఆర్కెస్ట్రా అంటే ఇద్దరికీ ప్రాణం. కానీ పాశ్చాత్య స్వరకర్తల్లో తనకు బ్రూక్నర్ ఇష్టం, నాకు హైడన్. పోయిన వారం తన పక్కన కూర్చుని బ్రూక్నర్ ఏడో సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం భాగాలుగా రాసే పెద్ద రచన) విన్నాను. గంటకు పైగా సాగింది. సంగీతం మెల్లమెల్లగా పైకి ఎక్కుతుంది, ఇప్పుడేదో జరగబోతోంది అనుకుంటాను, ఉన్నట్టుండి అంతా ఆగిపోతుంది. మళ్లీ కింది నుంచి మొదలు. అక్క కళ్లు తుడుచుకుంటోంది, నేను వాచీ చూసుకుంటున్నాను. చాలా బాధేసింది.

హైడన్ 88వ సింఫనీతో నాకు ఇలా ఉండదు. మొదటి భాగమంతా ట్రంపెట్లు, డ్రమ్ములు నోరు మెదపవు. రెండో భాగంలో ఓబో అనే ఊదే వాద్యం, చెల్లో అనే పెద్ద వయొలిన్ లాంటి వాద్యం కలిసి నెమ్మదిగా పాడుకుంటుంటే ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఎన్నిసార్లు విన్నా ఒళ్లు జలదరిస్తుంది. బ్రూక్నర్‌ని ఇష్టపడేవాళ్లు ఎలా వింటారో చెప్పండి. లోపం నా చెవిలోనే ఉందా?

జవాబు:
బ్రూక్నర్ ఆర్గాన్ (చర్చిల్లో ఉండే పెద్ద గొట్టాల వాద్యం) విద్వాంసుడు. పెద్ద చర్చిలో ఆర్గాన్ మీద నుంచి చేతులు తీసేశాక కూడా మోత కొన్ని సెకన్లు గాల్లోనే ఉంటుంది. మీరు ‘ఆగిపోయింది’ అంటున్న చోట ఆ మోత వినాలి. మారుమోత తక్కువ ఉండే హాల్లో అది ఖాళీగానే తోస్తుంది. అందుకే మొత్తం ఒకేసారి వద్దు, రెండో భాగం ఒక్కటీ వినండి. అది రాస్తుండగానే, 1883 ఫిబ్రవరిలో, తాను ఆరాధించే స్వరకర్త వాగ్నర్ పోయారన్న కబురు బ్రూక్నర్‌కి అందింది. తారస్థాయి దాటాక నాలుగు వాగ్నర్ ట్యూబాలు (కొమ్ముల్లాంటి ఇత్తడి వాద్యాలు) పలికే చోటు వాగ్నర్ కోసం రాసింది. నేను అక్కడ మాట్లాడలేను.

జవాబు:
ఒక అమెచ్యూర్ ఆర్కెస్ట్రాలో నేను రెండో వయొలిన్. ఈ ఏడో సింఫనీ వాయించాను. ట్రెమొలోతోనే మొదలవుతుంది, విల్లు వణికించీ వణికించీ చెయ్యి లాగేస్తుంది. దాని మీద చెల్లోలు ఎత్తుకునే పాట అందమైనదే, ఒప్పుకుంటాను. అయినా నా ఓటు హైడన్‌కే. ఆయన దగ్గర రెండో వయొలిన్‌కి కూడా చెప్పడానికి ఒక మాట ఉంటుంది. అన్ని రిహార్సల్స్ తర్వాత కూడా నా మనసు మారలేదు. మీ చెవిని అనుమానించకండి.

జవాబు:
రెండో భాగంలోని ఆ తారస్థాయిలో సింబల్స్ (పెద్ద ఇత్తడి తాళాలు) మోగాలా వద్దా అని బ్రూక్నర్ అభిమానులకే పడదు. స్కోరుకి, అంటే బ్రూక్నర్ రాసిన స్వరాల ప్రతికి, అతికించిన చీటీలో అవి ఉన్నాయి, ఆ చీటీ మీద ‘చెల్లదు’ అన్న రాత కూడా ఉంది. ఆ స్కోరును పరిష్కరించి అచ్చువేసిన ఇద్దరు సంపాదకుల్లో హాస్ ప్రచురణలో సింబల్స్ లేవు, నోవాక్ ప్రచురణలో ఉన్నాయి. రెండూ వినండి. నాకైతే లేనిదే ఇష్టం.

ప్రశ్న అడిగిన నేను:
నిన్న రాత్రి రెండు రకాలుగానూ విన్నాను, అక్కతో కలిసి. నాకు సింబల్స్ ఉన్నది నచ్చింది, తనకు లేనిది. దాని మీద చాలాసేపు వాదించుకున్నాం, ఎన్నాళ్లకో. మొదటి భాగం నాకు ఇంకా పొడుగ్గానే ఉంది. ట్యూబాల చోట మాత్రం వాచీ గుర్తుకు రాలేదు. ఆదివారం నాతో కూర్చుని 88 మళ్లీ వింటానంది అక్క. ట్రంపెట్లు వచ్చినప్పుడు తన ముఖం చూడాలని ఉంది.