ఎల్‌డీహెచ్ ఎక్కువ వచ్చింది, నాన్నగారి గురించి భయంగా ఉంది

వేకువ:
నాన్నగారికి పెద్దపేగు క్యాన్సర్, స్టేజీ 3. ఆపరేషన్ అయింది, రెండు వారాల్లో కీమో మొదలుపెడతామన్నారు. నిన్నటి రక్త పరీక్షలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ 412 వచ్చింది. పక్కన 140–280 అని ఉంది. రాత్రంతా ఫోన్‌లో వెతికితే, ఈ ఎంజైమ్ పెరిగినవాళ్లు ఎక్కువకాలం ఉండరన్న వ్యాసాలే కనిపించాయి. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఎవరికైనా ఇలా వచ్చిందా?

సాయంకాలం:
మా అన్నయ్యకు 900 దాటిందండి. కానీ అప్పటికే కాలేయానికి పాకింది. కీమో పనిచేసినన్నాళ్లూ తగ్గింది, జబ్బు తిరగబడ్డప్పుడు మళ్లీ పెరిగింది. అందుకే ఆ అంకెకు అర్థం లేదని నేననను. మీరు చదివిన వ్యాసాలు కూడా ఎక్కువగా అలా పాకినవాళ్ల గురించే అయ్యుంటాయి. నాన్నగారి సీటీ స్కాన్‌లో ఏముంది?

వేకువ:
ఎక్కడికీ పాకలేదన్నారండి. లింఫ్ నోడ్స్ 16 చూస్తే రెండింటిలో ఉంది.

గాజుపలక:
నేను ల్యాబ్‌లో పనిచేస్తాను. ఎర్ర రక్తకణాల నిండా ఎల్‌డీహెచ్ ఉంటుంది. రక్తం తీసేటప్పుడు కణాలు చితికినా, ట్యూబును గట్టిగా కుదిపినా అది సీరంలోకి, అంటే పరీక్ష చేసే రక్తపు ద్రవంలోకి వచ్చేస్తుంది, అంకె అమాంతం పెరుగుతుంది. రిపోర్ట్ అడుగున చిన్న అక్షరాల్లో ‘హీమోలైజ్డ్’ (అంటే కణాలు చితికాయి) అని ఉందేమో చూడండి. కాలేయం, కండరాలు దెబ్బతిన్నా పెరుగుతుంది. మళ్లీ రక్తం ఇచ్చి చూసుకోండి.

నూలుపోగు:
నేను చదివింది బయోకెమిస్ట్రీ. 1920లలో ఓటో వార్‌బర్గ్ చూసింది ఇదే: ఆక్సిజన్ అందుతున్నా క్యాన్సర్ కణం గ్లూకోజ్‌ను లాక్టేట్‌గా మార్చేస్తుంది. ఆ చివరి మెట్టు ఎల్‌డీహెచ్‌ది. పెట్ స్కాన్‌లో గడ్డ వెలిగేది కూడా ఆ గ్లూకోజ్ ఆకలి వల్లే. పీకేఎం2 లాంటి ఎంజైమ్‌లను గడ్డ ముక్కలో రంగు వేసి చూసి, జబ్బు ఎటు పోతుందో చెప్పాలని చాలామంది ప్రయత్నించారు. కానీ ఎంత రంగు పడితే ‘ఎక్కువ’ అనాలో ఒక్కో బృందం ఒక్కో గీత గీసుకుంది. అందుకే డాక్టర్లు ఇప్పటికీ స్టేజీ, లింఫ్ నోడ్స్, ఎంఎస్ఐ (గడ్డ డీఎన్‌ఏ మీద చేసే పరీక్ష), సీఈఏ (రక్తంలో చూసే క్యాన్సర్ గుర్తు) చూసే మాట్లాడతారు. కనీసం 12 నోడ్స్ చూడాలంటారు, మీకు 16 చూశారు. అది మంచి విషయం.

రెండోగట్టు:
ఎల్‌డీహెచ్ సంగతి అలా ఉంచి, కీమో మొదలయ్యేలోపు డీపీడీ అనే ఎంజైమ్ పరీక్ష గురించి అడగండి, దయచేసి. ఈ క్యాన్సర్‌కు కీమోలో ఇచ్చే 5-ఎఫ్‌యూ మందులో 80 శాతానికి పైగా శరీరంలో విరగ్గొట్టేది ఆ ఎంజైమే. కేపెసిటాబిన్ మాత్రలు కూడా లోపలికి వెళ్లాక 5-ఎఫ్‌యూగానే మారతాయి. నాకు పుట్టుకతోనే ఆ ఎంజైమ్ తక్కువని ఎవరికీ తెలియదు. మొదటి సైకిల్‌కే నోరంతా పుండ్లు, ఆగని విరేచనాలు, తెల్లకణాలు పడిపోయి పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాను. తర్వాత సగం డోసుతో పూర్తి చేశాను. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2020లోనే ఈ మందులకు ముందు పరీక్ష చేయించమని చెప్పింది. నాకు ముందే చేసి ఉంటే ఆ పదకొండు రోజులు ఉండేవి కావు.

సాయంకాలం:
అన్నయ్యకు కూడా ఆ పరీక్ష చేయలేదు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

వేకువ:
అందరికీ దండాలు. మొదటి రిపోర్ట్ అడుగున ‘హీమోలైజ్డ్’ అని నిజంగానే ఉంది, టెన్షన్‌లో చూడలేదు. ఇవాళ మళ్లీ చేయిస్తే 231. డీపీడీ గురించి అడిగితే డాక్టరుగారు వెంటనే రాసిచ్చారు, ఆ రిపోర్ట్ వచ్చాకే డోసు నిర్ణయిస్తామన్నారు. అమ్మకు ఇప్పుడే అన్నీ చెప్పాను.