1954 అమెరికా-పాకిస్తాన్ ఒప్పందం లేకపోయినా భారత్ సోవియట్ వైపు వెళ్లేదా?

ప్రచ్ఛన్న యుద్ధ కాలం గురించి చదువుతున్నాను. ఒక చోట ఆగిపోయాను, తెలిసినవారు కాస్త వివరించగలరా?

1954 మేలో అమెరికా పాకిస్తాన్‌తో సైనిక సహాయ ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది పాకిస్తాన్ సీటోలో (ఆగ్నేయాసియా రక్షణ కూటమి), మరుసటి ఏడాది బాగ్దాద్ ఒప్పందంలో (పశ్చిమాసియా రక్షణ కూటమి) చేరింది. అమెరికా లెక్కలో ఇదంతా కమ్యూనిజాన్ని అడ్డుకోవడానికే. కానీ ఆ ఆయుధాలు చేరింది మన సరిహద్దు పక్కకు! కాశ్మీర్‌లో ప్లెబిసైట్‌పై (ప్రజాభిప్రాయ సేకరణపై) అంతకుముందు పాకిస్తాన్‌తో మాట్లాడిన నెహ్రూ, ఈ ఒప్పందంతో పరిస్థితే మారిపోయిందన్నారు. 1955 చివర్లో సోవియట్ నేత క్రుశ్చేవ్ శ్రీనగర్ వచ్చి కాశ్మీర్ విషయంలో భారత్‌కు బాహాటంగా మద్దతు పలికారు. ఇంతవరకూ కారణం, ఫలితం స్పష్టంగానే కనిపిస్తున్నాయి.

నన్ను తికమక పెడుతున్నది 1962. చైనాతో యుద్ధంలో అమెరికా మనకు ఆయుధాలు పంపింది. అయినా ఆ యుద్ధానికి ముందే సోవియట్ యూనియన్‌తో కుదిరిన మిగ్-21 యుద్ధ విమానాల ఒప్పందానికే మనం కట్టుబడ్డాం. దీనికి అసలు కారణం పాకిస్తాన్‌తో అమెరికా స్నేహమా, లేక విమానాలను ఇక్కడే తయారు చేసుకోనిచ్చే సోవియట్ షరతులా? నాకైతే రెండోదే బలంగా అనిపిస్తోంది.

1971 ఆగస్టు భారత్-సోవియట్ మైత్రీ ఒప్పందం మీద కూడా ఇదే సందేహం. దానికి ముందు నెలలోనే అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ పాకిస్తాన్ మీదుగా రహస్యంగా బీజింగ్ వెళ్లారు. ఆ ప్రయాణమే ఇందిరా గాంధీని తొందరపెట్టిందా, లేక చర్చలు అప్పటికే ముగింపుకు వచ్చాయా? నెహ్రూ, ఇందిర కాలాల దౌత్య పత్రాలు చదివినవారు ఎవరైనా ఉంటే, ముందుగా ఏవి చూడాలో కూడా చెప్పండి.