మొక్కజొన్న కప్పు మట్టిలో కలుస్తుందా, లేదా?

డాబాతోట: పోయినేడు మా పాప ఓణీల ఫంక్షన్‌కి 500 కప్పులు కొన్నాను. మొక్కజొన్నతో చేసినవి, మట్టిలో కలిసిపోతాయి అన్నారు. మామూలు కప్పులకి రెట్టింపు ధర. మజ్జిగకి బాగానే ఉన్నాయి. టీ పోస్తే అంచు మెత్తబడి వంగిపోయి, మా అత్తగారి చెయ్యి కాలింది. ఒక కప్పు మల్లె కుండీలో పాతిపెట్టాను. 14 నెలలైంది. నిన్న తవ్వి కడిగితే అడుగున అచ్చు అక్షరాలు కూడా చదవగలిగాను. ఇది మోసం కాదా?

పాలిమర్_మూర్తి: మోసం కాదండి. అది పీఎల్‌ఏ, అంటే పాలీలాక్టిక్ యాసిడ్. మొక్కజొన్న పిండి నుంచి చక్కెర తీసి పులియబెడితే లాక్టిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని గొలుసుగా కడితే ఈ ప్లాస్టిక్. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, అందుకే టీకి పనికిరాదు. కంపోస్టు గుట్టలో 58 డిగ్రీల వేడి, తడి వారాల తరబడి ఉండాలి. ముందు నీళ్లు ఆ గొలుసును తెంపాలి, ఆ తర్వాతే సూక్ష్మజీవులు తింటాయి. మీ కుండీలో అంత వేడి ఎక్కడిది?

కోనసీమ_రాజు: అదెలా సార్? మా తమ్ముడికి మోకాలి లిగమెంట్ ఆపరేషన్‌లో ఇదే రకం స్క్రూ వేశారు. తీయక్కర్లేదు, ఒంట్లోనే కరిగిపోతుందన్నారు. ఒళ్లు 37 డిగ్రీలే కదా!

పాలిమర్_మూర్తి: కరుగుతుంది, కానీ ఏళ్లు పడుతుంది. లిగమెంట్ ఎముకకి అతుక్కునేదాకా పట్టు ఉండాలనే దాన్ని వాడతారు. ఒంట్లో ఎప్పుడూ తడే. చివరికి మిగిలే లాక్టిక్ ఆమ్లం, మనం పరిగెత్తితే కండల్లో పుట్టేదే. త్వరగా కరగాలంటే గ్లైకోలిక్ ఆమ్లం కలుపుతారు. విప్పక్కర్లేని కుట్ల దారం అలాంటిదే.

కోనసీమ_రాజు: అంటే 37కే కరుగుతుందని ఒప్పుకున్నట్టే.

పాలిమర్_మూర్తి: నేను రాసింది చదివారా? ఏళ్లు అన్నాను.

ప్రింటర్_పిల్లోడు: నేను 3డీ ప్రింటర్‌లో పీఎల్‌ఏతో చేసిన ఫోన్ స్టాండ్ మే నెల ఎండకి కారులోనే వాలిపోయింది.

టిఫిన్_సుబ్బు: మీ డిగ్రీల గొడవ కాసేపు ఆపండి. 2022 జులై 1న ప్లాస్టిక్ కప్పులు నిషేధించారు. సరే అని ఇవి కొన్నా. తనిఖీకి వచ్చినాయన సీపీసీబీ, అదే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి, సర్టిఫికెట్ ఏదని అడిగి ఫైన్ రాశాడు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం లేదు.

పాలిమర్_మూర్తి: సర్టిఫికెట్ లేకపోతే అది పీఎల్‌ఏ అన్న గ్యారంటీ కూడా లేదు. కొనేముందు చూసుకోవాలి కదా.

టిఫిన్_సుబ్బు: తెల్లారుజామున నాలుగింటికి పిండి రుబ్బుకునేవాణ్ణి, ల్యాబ్ పెట్టుకోమంటారా? పోనీ, సర్టిఫికెట్ ఉన్నదే కొన్నాననుకోండి. మా ఊరి చెత్తబండి తడీ పొడీ ఒకే గుట్టలో పోస్తుంది. మీ 58 డిగ్రీలు అక్కడ ఎవరు పెడతారు?

డాబాతోట: నేను అడిగిందీ అదే!

పాలిమర్_మూర్తి: ఇరవై ఏళ్లు ఈ పదార్థంతో పనిచేశాను. గుట్ట చేసిన తప్పుకి దీన్ని తిడుతుంటే బాధేస్తుంది, అందుకే గట్టిగా మాట్లాడాను. కానీ సుబ్బు గారు చెప్పింది నిజం. వేడి కంపోస్టు ప్లాంటు లేని ఊళ్లో "మట్టిలో కలుస్తుంది" అని చెప్పి అమ్మకూడదు. దాన్ని నేను సమర్థించను.

డాబాతోట: ఇంకా 80 కప్పులున్నాయి. ఏం చేయమంటారు?

పాలిమర్_మూర్తి: మజ్జిగకి వాడేయండి. తర్వాత నీళ్ల బాటిళ్లతో మాత్రం కలపకండి. రీసైక్లింగ్‌లో ఇది కలిస్తే ఆ బాటిళ్ల సరుకు పాడవుతుంది.

టిఫిన్_సుబ్బు: నేను స్టీలు గ్లాసులకి మారిపోయా. కడగడానికి ఒక మనిషిని పెట్టుకున్నా. ఆ జీతం నా టీ ధరలోంచే రావాలి.