అమ్మకి లేని మనుషులు కనిపిస్తున్నారు, కంట్లో ఇంజెక్షన్ల వల్లేనా?

ప్రశ్న:
మా అమ్మకి 78 ఏళ్లు, తణుకులో అన్నయ్య దగ్గరుంటుంది. రెండేళ్ల క్రితం కిటికీ ఊచలు వంకరగా కనబడుతున్నాయి అంటే శుక్లాలేమో అనుకున్నాం, తీరా కంటి లోపలి పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ తీస్తే వెట్ ఏఎండీ అన్నారు, వయసు మీదపడి కంటి వెనక తెర (రెటీనా) మధ్యభాగం పాడయ్యే జబ్బంట. కుడికన్ను మధ్యలో అప్పటికే మచ్చ కట్టేసింది, ఎడమకంట్లో ఇంజెక్షన్లు వేయిస్తున్నాం, ఇప్పటికి తొమ్మిదయ్యాయి. నెలరోజులుగా సాయంత్రంపూట పిట్టగోడ మీద పిల్లలు కూర్చున్నారంటోంది, రంగురంగుల లంగాలంట, మాట్లాడరంట, ఊరికే చూస్తారంట. ఇంకోరోజు గోడ నిండా ముగ్గులు. వాళ్లు నిజంగా లేరని తనకే తెలుసు, మనసు పాడైందనుకుంటారేమోనని ఇన్నాళ్లూ చెప్పలేదు. పెద్దమ్మేమో గాలి సోకింది తాయెత్తు కట్టించమంటోంది, వదినేమో ఇంజెక్షన్లు ఆపేద్దామంటోంది. వచ్చేవారం డోసుంది, ఏం చెయ్యాలో చెప్పండి.

రిప్లై 1:
అమ్మా, మా నాన్నగారికి అచ్చం ఇలాగే అయింది, ఆయనకి గుర్రపు బళ్లు కనబడేవి. దీన్ని చార్లెస్ బానెట్ సిండ్రోమ్ అంటారు. జెనీవాకి చెందిన బానెట్ 1760లో వాళ్ల తాతగారి గురించి రాశాడు, చూపు మందగించిన ఆ పెద్దాయనకీ మనుషులు, బళ్లు, మేడలు కనబడేవంట. కంటి నుంచి బొమ్మ సరిగా అందకపోతే మెదడు తనే ఏదో ఒకటి గీసుకుంటుందన్నమాట. పిచ్చి కాదు, గాలీ కాదు. నాన్నగారు లైటు వేసుకుని కళ్లు గబగబా అటూఇటూ తిప్పితే పోయేవి. దయచేసి అమ్మగారితో ఈ మాట ఇవాళే చెప్పండి, మా నాన్నగారు అది విన్నాకే నిద్రపోయారు.

రిప్లై 2:
రెటీనా క్లినిక్‌లో ఆప్టోమెట్రిస్ట్‌గా చేస్తున్నానండి, చూపు పరీక్షించే పని. మామూలుగా ఇంజెక్షన్ వల్ల ఇది రాదు, చూపు తగ్గడం వల్ల వస్తుంది, డోసు మాత్రం ఆపొద్దు. మాక్యులా, అంటే రెటీనా మధ్యభాగం, దాని కింద పుట్టిన కొత్త రక్తనాళాలు కారకుండా ఆ మందు పట్టి ఉంచుతుంది, గ్యాప్ వస్తే మళ్లీ నీరు చేరుతుంది, అప్పుడు పోయిన చూపు చాలాసార్లు తిరిగి రాదు. ఖర్చు భారమైతే అవాస్టిన్ గురించి అడగండి, అసలు క్యాన్సర్‌కి వచ్చిన మందే కానీ కంటికి చాలా ఏళ్లుగా వాడుతున్నారు, మిగతావాటికంటే చాలా చవక. ఇంజెక్షన్ తర్వాత నొప్పి పెరిగినా, కన్ను ఎర్రబడి చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా తీసుకెళ్లండి. ఇంకోటి, బొమ్మలు మాట్లాడుతున్నాయన్నా, నిజమేనని నమ్మడం మొదలుపెట్టినా, కొత్త మాత్రలు మొదలుపెట్టాక వచ్చినా, జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్ లాంటివున్నా ఫిజీషియన్‌కి, అవసరమైతే న్యూరాలజిస్ట్‌కి చూపించాలి.

రిప్లై 3:
అక్కా, లో విజన్ సెంటర్ అని అడగండి, ఉన్న కాస్త చూపుతోనే పనులు చేసుకోవడం నేర్పే చోటు, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉంది. మా అమ్మమ్మకి లైటున్న భూతద్దం ఇచ్చారు, పక్కచూపుతో చూడటం నేర్పారు. తెల్ల ప్లేటులో పెరుగన్నం కనబడక సగం వదిలేసేది, మేమేమో ఆకలి తగ్గిందనుకున్నాం, ముదురు నీలం ప్లేటు కొన్నాక మొత్తం తింటోంది. గళ్ల కాగితం మధ్యలో చుక్కపెట్టి మంచి కంటితో రోజూ చూపించండి, గీతలు కొత్తగా వంగితే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే అమ్మకి ఫోన్లో చదివి వినిపించా, కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆ బళ్లాయనకీ నాలాగేనా" అని రెండుసార్లు అడిగింది. వదిన డోసుకి ఒప్పుకుంది. పెద్దమ్మకి రేపు చెప్తాం.