కీళ్ల వాపు ఉన్న పిల్లల ‘పనుల ఫారం’ ఎలా నింపుతున్నారు?

చిత్తూరు_అమ్మ: మా పాపకు 7 ఏళ్లు, జేఐఏ (పిల్లల్లో వచ్చే, ఎక్కువ కాలం ఉండే కీళ్ల వాపు జబ్బు). చెకప్‌కు వెళ్లినప్పుడల్లా సీహెచ్‌ఏక్యూ అని 30 ప్రశ్నల ఫారం ఇస్తారు. బట్టలు వేసుకోవడం, లేవడం, కుళాయి తిప్పడం... ఇబ్బంది లేదా, కొంచెమా, చాలానా, అసలు చేయలేదా అని టిక్ పెట్టాలి. పొద్దున ఏడింటికి జడ వేస్తుంటే మెడ తిప్పలేక ఏడుస్తుంది. పదకొండింటికి ఆస్పత్రి వరండాలో పరుగెడుతుంది! ఏది రాయాలండీ?

ఫిజియో_తిరుపతి: రెండూ కాదమ్మా. గత వారం మొత్తంలో, రోజంతా కలుపుకుని మామూలుగా ఎలా ఉందో అది రాయాలి. పొద్దున బిగుసుకుపోవడం ఎన్ని నిమిషాలు ఉంటుందో డాక్టర్‌కు విడిగా చెప్పండి, అది చాలా ముఖ్యం.

లెక్క ఎలా వేస్తారో తెలిస్తే మీకే తేలికవుతుంది. ప్రశ్నలన్నీ 8 భాగాలు. ఒక్కో భాగంలో ఏ పని అన్నిటికంటే కష్టమో దాని మార్కే ఆ భాగానికి వస్తుంది. ఎనిమిదింటి సగటు 0 నుంచి 3 మధ్య ఉంటుంది, 0 అంటే ఇబ్బంది లేనట్టు, 3 అంటే అసలు చేయలేనట్టు. అందుకే ‘పోనీలే’ అని ఒక్క కష్టాన్ని వదిలేసినా ఆ భాగం మార్కే మారిపోవచ్చు. మీరు చేయి పట్టుకుని లేపుతుంటే ఆ భాగానికి కనీసం 2 వేస్తారు, కాబట్టి సాయం చేస్తున్న సంగతి దాచొద్దు. చిన్నపిల్ల కాబట్టి చేయలేని పనులకు మాత్రం ‘వర్తించదు’.

కరకంబాడి_నాన్న: మావాడికి 12. వాడొకటి, నేనొకటి నింపాం. వాడు అన్నిటికీ ‘ఇబ్బంది లేదు’ అన్నాడు, ఎంత నొప్పో చూపించే గీత మీద మాత్రం సగం దాటి గుర్తు పెట్టాడు. డాక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వాడితోనే మాట్లాడారు. క్రికెట్ మానిపిస్తామేమోనని భయమట వాడికి. పెద్దపిల్లలున్నవాళ్లు ఇద్దరూ నింపండి, వాళ్లను పక్కన కూర్చుని దిద్దకండి.

పలమనేరు_అక్క: మా మేనకోడలు కుర్చీలోంచి బాగానే లేస్తుంది. బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మాత్రం రెండు చేతులూ నేలకు ఆనించాలి. సంగటి ముద్ద తుంచలేక చెంచా అడుగుతుంది. ఇవి మాకిచ్చిన ఫారంలో లేవే?

ఫిజియో_తిరుపతి: అక్కా, అంచున మీ చేత్తో రాసివ్వండి. నేల మీద కూర్చోవడం, నాటు మరుగుదొడ్డి వాడటం, ఇవే మన ఇళ్లలో అసలు పరీక్ష.

ఇంకో మాట. ఎక్కడం గురించి ఫారం అడిగేది ఐదు మెట్లే. అలిపిరి దారిలో తోటి పిల్లల కంటే వెనకబడే పిల్లకు కూడా ఇందులో సున్నా రావచ్చు. తేలికపాటి ఇబ్బంది దీనికి సరిగా అందదు. జేఏఎఫ్‌ఏఎస్ అని ఇంకోటి ఉంది, అందులో 10 పనులు మా ఎదుట చేయించి టైమ్ చూస్తాం. సున్నా వచ్చిందని మందులు మీరే ఆపేయకండి, దయచేసి. వాపు ఎన్ని కీళ్లలో ఉంది, రక్తపరీక్షలో ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును సూచించేది) ఎంత, ఇవి వేరే చూడాలి. కంటి పరీక్ష కూడా మానొద్దు. ఈ జబ్బులో కంటి లోపల కూడా వాపు రావచ్చు, దానికి ఎరుపూ నొప్పీ లేకపోవచ్చు.

చిత్తూరు_అమ్మ: చాలా థాంక్స్ అండీ. ఈసారి వెళ్లేముందు వారం రోజులూ పొద్దున, సాయంత్రం ఎలా ఉందో క్యాలెండర్ మీదే రాస్తాను. నేను జడ వేయడం సాయం కిందికి వస్తుందా? ఆరోగ్యంగా ఉన్న పిల్లలకూ ఈ వయసులో అమ్మలే వేస్తారు కదా.

ఫిజియో_తిరుపతి: రాదమ్మా. జబ్బు వల్ల చేయాల్సి వస్తున్న సాయమే లెక్క. మెడ తిప్పలేకపోవడం మాత్రం తప్పక రాయండి, దానికి వేరే ప్రశ్నే ఉంది.