మాస్ రిపోర్టులో 80 శాతం కలిస్తే ల్యాబ్ మార్కులు తీసేయొచ్చా?

ల్యాబ్ ఇన్‌ఛార్జి, మధురవాడ:
సెకండియర్ డేటా స్ట్రక్చర్స్ ప్రోగ్రాములన్నీ ఈసారి మాస్ (MOSS) అనే, కోడ్‌ల మధ్య పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌తో పోల్చి చూస్తున్నాం. ఇద్దరి కోడ్ 80 శాతం దాటి కలిస్తే ఇద్దరికీ సున్నా వెయ్యాలని మా డిపార్ట్‌మెంట్ ఆలోచన. నాకది సబబే అనిపిస్తోంది. వాట్సాప్ గ్రూపులో ఫైలు దించుకుని రోల్ నంబరు మార్చినవాడికీ, రాత్రంతా కూర్చుని రాసినవాడికీ ఒకే మార్కు వేస్తే కష్టపడ్డ పిల్లలకి ఏం చెప్పను?

సెకండియర్, గాజువాక:
మేడమ్, లింక్డ్ లిస్ట్‌లో (గొలుసులా కలిపిన డేటాలో) నోడ్, అంటే కొత్త లింకు, చేర్చడం ఎవరు రాసినా దాదాపు అలాగే ఉంటుంది. మెనూ, స్విచ్ కేసు మాన్యువల్‌లో మీరిచ్చినవే. అదీ కాపీయేనా?

రిటైర్డ్ మాస్టారు, ఎంవీపీ కాలనీ:
మేడమ్, మీ బాధ న్యాయమే. కానీ ఆ ఒక్క అంకె చూసి సున్నా వెయ్యడానికి నేను ఒప్పుకోను. మాస్‌ని 1994లో అలెక్స్ ఐకెన్ తయారుచేశారు. అది ఖాళీలనీ వేరియబుల్ పేర్లనీ పక్కనపెట్టి, కోడ్‌ని చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకీ ఓ సంఖ్య కట్టి, వాటిలో కొన్నిటిని వేలిముద్రల్లా పోలుస్తుంది. అందుకే పేర్లు మార్చినంత మాత్రాన ఎవరూ తప్పించుకోలేరు. అయితే ఎవరు ఎవరికిచ్చారో, ఇద్దరూ ఒకే ట్యూషన్ నోట్సు చూశారో దానికి తెలీదు. శాతం మాత్రమే నమ్ముకోవడం దుర్వినియోగమని తయారుచేసినవాళ్లే రాసిపెట్టారు. ఈ అబ్బాయి అడిగినదానికి దారి ఉంది: మాన్యువల్ కోడ్‌ని బేస్ ఫైలుగా పెడితే ఆ భాగం లెక్కలోకి రాదు.

నేనైతే తప్పులు వెతుకుతాను. క్యూలో మిగిలిన చివరి నోడ్ తీశాక రియర్‌ని (క్యూ చివరను చూపే పాయింటర్‌ని) నల్, అంటే ఖాళీ, చెయ్యడం ఇద్దరూ మర్చిపోయి, ఎక్కడా వాడని 'టెంప్2' అనే వేరియబుల్ ఇద్దరి కోడ్‌లోనూ ఉంటే అనుమానం గట్టిదే. అప్పుడు విడివిడిగా పిలిచి "మెమరీని వదిలేసే ఈ ఫ్రీ లైను తీసేస్తే ఏమవుతుంది?" అని అడగాలి. సొంతంగా రాసినవాడు తడబడినా దారిలోకి వస్తాడు.

ల్యాబ్ ఇన్‌ఛార్జి, మధురవాడ:
బేస్ ఫైలు పెట్టే నడుపుతాం. కానీ సెక్షన్‌కి 60 మంది మాస్టారూ, అందరికీ వైవా ఎలా?

రిటైర్డ్ మాస్టారు, ఎంవీపీ కాలనీ:
అందరికీ అక్కర్లేదమ్మా, రిపోర్టులో పైనున్న జంటలకి చాలు.

సెకండియర్, గాజువాక:
ఇచ్చినవాడికీ సున్నాయేనా సర్? హాస్టల్లో రూమ్మేట్ అడిగితే కాదనలేం.

రిటైర్డ్ మాస్టారు, ఎంవీపీ కాలనీ:
ఫైలు ఇవ్వకు బాబూ, పక్కన కూర్చుని వాడి చేతే రాయించు. మేడమ్, ఎంతవరకు సాయమో ఎక్కడి నుంచి కాపీయో ల్యాబ్ మొదటి రోజే బోర్డు మీద రాసి చెప్పండి. ముందు చెప్పని రూలుకి ఇంటర్నల్స్‌లో మార్కులు కొయ్యడం అన్యాయం.